మెడ కింది పని

పలక మీద ఇంకు పూసి అరచేత్తో తుడుస్తున్నాడు మొండెం మేస్త్రి. పైపై ఇంకు గుడ్డతో తీసేసినా ఆఖరి తుడుపు చేత్తోనే తుడవాలి. గుడ్డకు సన్నగీతలంటే లెక్కలేదు, గీత లోపలున్న ఇంకును కూడా లాక్కుపోతుంది. చేతికి సుద్దపొడి అద్దుకుని పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమరాలి. అయితే అతను నిమురుతున్నది పసిబిడ్డ వీపు కాదు, దేశాన్నేలుతున్న పెద్దాయన బుగ్గలు. ఆ బుగ్గల మీదుగా, గడ్డం కింద వేలాడే రెండో గడ్డం మీదుగా, కింది పెదవి మీదుగా అరచెయ్యి పోతుంటే అతను ముఖం కాస్త పక్కకు తిప్పుకున్నాడు. కాచిన అవిసెనూనెలో మసి కలిపిన ఇంకు అది. కాస్త నిలవుంటే మురిగిన చేపల వాసన కొడుతుంది. ఎన్ని సబ్బులు అరగదీసినా గోళ్ళ కింద నుంచి పోదు. ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే ముందు పెద్దాయన వాసన, తర్వాతే కూర వాసన.

తడి కాగితం పరిచి, పైన కంబళి కప్పి, రోలరు చక్రం తిప్పాడు. కాగితం చిరచిరమంటూ పలకను వదిలింది. ఇంకా నోటు కాని ఆ నోటులోంచి పెద్దాయన అతన్ని చూశాడు.

మిగతా ముఖమంతా నోట్ల మీద ఉండవలసిన ముఖమే. ఎటు చూస్తున్నాయో తెలియని కళ్ళు, ఉన్నదానికంటే పెద్దగా నుదురు. నోరు మాత్రం అలా లేదు. కింది పెదవి కాస్త ముందుకొచ్చి తడిగా ఉంది. పై పెదవి దాన్ని తాకీ తాకకుండా ఉంది. లోపల ఏదో ఉన్నట్టు, దాన్ని ఎక్కడో అక్కడ వదిలించుకోబోతున్నట్టు ఉంటుంది ఆ నోరు. కొత్తగా చూసినవాడు ఎందుకో తెలియకుండానే అరడుగు వెనక్కి జరుగుతాడు.

అది అతని బావ చెక్కిన నోరు.

నోట్ల ప్రెస్సులో ఈ చెక్కుడు గదికి ఒక కట్టుబాటు ఉంది. ముఖం చెక్కేవాడు బట్ట ముట్టుకోడు, బట్ట చెక్కేవాడు ముఖం ముట్టుకోడు. అంతా ఒక్కడికే చేతనైతే వాడు ఇంటికి పోయి తన నోటు తానే చెక్కుకుంటాడని మొదట్లో ఎవరికో పుట్టిన భయం; పోనుపోను అది మర్యాదైపోయింది. అక్షరాలవాడు వేరు, అంచుల్లో తీగలు పాకించేవాడు వేరు. అక్క మొగుడు ముఖాలవాడు గనక తలకాయ మేస్త్రి. ఆయన చెయ్యి పట్టుకుని ఈ గదిలోకొచ్చిన ఇతనికి మెడ కింది పని దక్కింది గనక మొండెం మేస్త్రి. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పెద్దసారు దాకా అందరూ ఆ పేర్లతోనే పిలుస్తారు. పక్క షెడ్డులో నాణేలు కొట్టేవాళ్ళకు ఈ పేచీ లేదు. నాణెం మీద బొమ్మ మెడ దగ్గరికే సరి. "మీరు పీక కోసి ఇస్తారు, మేం కోటు తొడిగి ఇస్తాం" అని మొండెం మేస్త్రి వాళ్ళను ఆటపట్టించేవాడు, ఆటలాడే ఓపిక ఉన్న రోజుల్లో.

అతను చేరిన కొత్తలో నోటు మీద రాజుగారుండేవారు. భుజాల మీద బొచ్చు శాలువా. ఆ బొచ్చు వెంట్రుక వెంట్రుకగా చెక్కడం వచ్చేసరికి అతనికి మీసమొచ్చింది. మీసమొచ్చేసరికి రాజుగారు దేశం వదిలి పోయారు. తర్వాత సైన్యాధిపతి వచ్చాడు. ఆయనకు కోటు, కోటు నిండా పతకాలు. ఆయన తనకు తాను కొత్త పతకం ఇచ్చుకున్నప్పుడల్లా పలక మీద ఒకటి పెరగాలి. ఆ తొందరలోనే అతని చేత ఒక తప్పు జరిగింది. పలక మీద ఏదైనా తిరగేసి చెక్కితేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. అన్నీ తిరగేశాడు, గుండీలు తిరగెయ్యడం మరిచిపోయాడు. సైన్యాధిపతి కోటు ఆడవాళ్ళ కోటులా అటునుంచి ఇటు గుండీలు పెట్టుకుని ఊరూరా తిరిగింది. సైన్యం పట్టుకోలేదు, పత్రికలు పట్టుకోలేదు. పట్టుకున్నది అతని పెళ్ళాం ఒక్కతే. కొత్త నోటు ఇంటికి తెచ్చిన రోజున ముఖం మీద బొటనవేలు అడ్డం పెట్టి, "ఎక్కడుంది నీ పని, చూడనీ" అని వెతికి, "ఇదేంటయ్యా, ఈయన వాళ్ళావిడ కోటు తొడుక్కొచ్చాడా?" అంది. అతనికి ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దునే వెళ్ళి బావ చెవిలో చెబితే బావ పడీ పడీ నవ్వి, "నోరుమూసుకో. మెడ కిందికి చూసేంత తీరిక ఈ దేశంలో నీ పెళ్ళానికి తప్ప ఎవరికీ లేదు" అన్నాడు.

నిజంగానే లేదు. సైన్యాధిపతి పోయి డాక్టరుగారు వచ్చినప్పుడు కొత్త పలకకు వ్యవధి చాల్లేదు. పతకాలు చెరిపేసి అదే కోటు మీద డాక్టరుగారి తల పెట్టారు. ఇప్పుడు డాక్టరుగారి తల తీసి పెద్దాయన తల పెట్టారు. ముగ్గురినీ మోసింది ఆ ఆడకోటే.

తల తీయడమంటే పైపైన చెరపడం కాదు. ఉక్కు పలకను కాల్చి మెత్తబరచాలి. గీతలన్నీ పోయేదాకా గీకాలి. గీకిన చోట గుంట పడుతుంది. అప్పుడు పలకను బోర్లించి, గుంట ఎక్కడుందో వెనకవైపు గుర్తుపెట్టి, దాగలి మీద పెట్టి సుత్తితో వెనక నుంచి కొట్టాలి. కొట్టగా కొట్టగా గుంట పైకి లేచి చదునవుతుంది. ఆ చదును మీద కొత్తవాడి ముఖం. ఏ దొర తలైనా చివరికి వెనక దెబ్బతోనే పోతుందని గదిలో వాడుకైన హాస్యం. డాక్టరుగారి కాలంలో ఆ హాస్యాన్ని గదిలోనే ఆడుకునేవాళ్ళు. ఇప్పుడు తలుపు మూసి ఆడుకుంటున్నారు.

పెద్దాయన ముఖం చూసి రావడానికి బావను బంగళాకు పిలిపించారు. అంతసేపూ పెద్దాయన పళ్ళు తింటూనే ఉన్నాడట. పక్కన ఒక మనిషి దోసిలి పట్టి నిలబడ్డాడట. పెద్దాయన అటు చూడకుండానే గింజలు ఆ దోసిట్లో ఉమ్మేవాడట. గురి తప్పి మణికట్టు మీద పడితే ఆ మనిషి తుడుచుకోలేదట, తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు. బావ ఇంటికొచ్చి పళ్ళెం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపిన ముద్దను చూసి లేచిపోయాడు. ఆ తర్వాత ఎన్నో వారాలు భూతద్దం కింద ఆ నోటితోనే కాపురం చేశాడు. గింజ బయటికి రాబోయే ముందు క్షణంలో పెదవి ఎలా ఉందో అలాగే పట్టుకున్నాడు. పని అయ్యాక, "నేను చెక్కినవాటిలో ఇదొక్కటే అబద్ధం కాదురా" అన్నాడు. అప్పటికే పలకల మీద వాడే ఆమ్లం పొగలు ఆయన ఛాతీని తినేశాయి. ప్రూఫు తీసేనాటికి ఆసుపత్రిలో పడ్డాడు. మొండెం మేస్త్రి ఎప్పుడు చూడబోయినా ఆయన అడిగేది ఒకటే. "నోరుందా?"

ప్రూఫు చూడ్డానికి ఆ పొద్దున పెద్దాయన బామ్మర్ది వస్తాడని కబురొచ్చింది. నోటు ఖాయం చేసే ముందు ఇంటివాళ్ళెవరో ఒకరు చూసి సరే అనడం అలవాటైంది. డాక్టరుగారప్పుడు ఆయన తల్లి వచ్చి, "మావాడు ఇంత నల్లగా ఉండడే" అని కళ్ళొత్తుకుని పోయింది.

"ఆయనా బామ్మర్దే, నువ్వూ బామ్మర్దివే" అన్నాడు అక్షరాల మేస్త్రి తల ఎత్తకుండా. "ఆయనకు కారు, నీకు కోటు."

"ఆ కోటైనా నా ఒంటిమీదుందా? నువ్వు మరీ ఈర్ష్య పడకు."

బామ్మర్ది రానే వచ్చాడు. చెమట మీద అత్తరు కొట్టుకున్నాడేమో, రెండూ కలిసి పుచ్చిన పండు వాసన వేశాయి. చేతిలో నూనె ఓడుతున్న పొట్లం. పొట్లంలోంచి ఏదో తీసి నోట్లో వేసుకుంటూ అదే చేత్తో ప్రూఫు అందుకున్నాడు. అంచు మీద వేలు పడ్డచోటల్లా కాగితం గాజులా అయింది. 'అచ్చు తడిగా ఉంది, ముట్టుకోకండి' అనడానికి పెద్దసారు నోరు తెరిచి, గాలి మింగి మూసుకున్నాడు.

బామ్మర్ది నమలడం ఆపాడు.

"ఇదేంటి? మా బావ ఎవరి మీదో ఉమ్మబోతున్నట్టున్నాడు?"

గదిలో ఉలుల చప్పుడు ఆగిపోయింది.

"అబ్బే, అది వెలుతురండీ" అన్నాడు పెద్దసారు. "కిటికీ అటువైపు..."

"వెలుతురు వచ్చి పెదవి మీదే కూచుందా? నాకు చెప్పొద్దు. నేను రోజూ భోజనాల దగ్గర ఎదురుగా కూచుంటా. ఇది ఆ నోరే." ఇంకోసారి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టు తెలియకుండానే ఎడమ చెయ్యి లాల్చీకి తుడుచుకున్నాడు. "నవ్వాలి. అర్థమైందా? జనం జేబులో పెట్టుకునే మొహం. ఉమ్మే మొహాన్ని ఎవడు పెట్టుకుంటాడు జేబులో?"

పొట్లం ఖాళీ అయింది. ప్రూఫు కొసతోనే వేళ్ళు తుడుచుకుని బల్ల మీద పడేసి వెళ్ళాడు. బావ పనిని చూసీ చూడగానే పోల్చుకున్నవాడు దేశం మొత్తానికి ఇతనొక్కడే అయ్యాడు గదా అనిపించింది మొండెం మేస్త్రికి.

పెద్దసారు తలుపు వేసి అతని బల్ల దగ్గరికొచ్చాడు. "సాయంత్రానికి నవ్వు కావాలి."

"నాకు ముఖం పని రాదు సార్."

"వచ్చినంత చెయ్యి. గదిలో నీ చెయ్యే సన్నం."

"తలకాయ మేస్త్రి ఇంకా ఉన్నాడు సార్. మనిషి ఉండగా ఆయన గీత మీద ఉలి పెట్టడం..."

"ఆ ఉండడం ఎవరి మంచం మీదో గుర్తుంచుకో" అన్నాడు పెద్దసారు గొంతు పెంచకుండా. "ఆసుపత్రిలో ఉన్నది ప్రెస్సు ఇచ్చిన చీటీ మీద. చీటీ మీద సంతకం నాది. ఆయన్ను వరండాలోకి దించడం నాకు మాత్రం సరదానా?"

మధ్యాహ్నం అన్నం మానేసి ఆసుపత్రికి నడిచాడు. దారిలో కొట్టు దగ్గర టీ తాగాడు. కొట్టువాడు చిల్లర ఇవ్వడానికి బొటనవేలు నాలిక మీద రాసి, కట్టలోంచి పాత డాక్టరు నోటు తీశాడు. వేలు ఎక్కడ పడుతుందో అతనికి చూడకుండానే తెలుసు. నోటు లాగేవాడి ఎంగిలివేలు ఎప్పుడూ ముఖం మీద పడదు, కోటు మీదే పడుతుంది. ఏళ్ళ తరబడి ఈ దేశం ఉమ్మంతా తన పని మీదే ఆరుతోంది. ఆ నోటును రెండు గోళ్ళతో పట్టుకుని జేబులో వేసుకున్నాడు.

వార్డులో ఫినాయిల్ తుడుపు ఇంకా తడారలేదు. తుడిచిన గుడ్డే మురిగినట్టుంది, నేలంతా ఆ కంపు పరుచుకుంది. పక్క మంచం రోగి కఫం గిన్నె మీద మూత లేదు. దాని మీది ఈగ లేచి బావ దుప్పటి మీద వాలింది. అక్క కొంగుతో అదిలించింది. బావ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, కళ్ళు మాత్రం ఎప్పటివే, ఎదుటివాడి ముఖాన్ని కొలుచుకునే కళ్ళు.

"ఏరా మొండెం, నోరుందా?"

చెప్పాలనే వచ్చాడు. నీ మంచం కోసం నీ నోరు తీసేస్తున్నాను బావా, తిట్టు, అనాలని దారంతా అనుకుంటూ వచ్చాడు.

"ఉంది బావా."

"బామ్మర్ది వచ్చాడా?"

"వచ్చాడు. బాగుందన్నాడు."

"బాగుందన్నాడా!" బావ నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా అక్క వీపు రాసింది. ఊపిరి అందాక ఆయన అతని ముఖాన్ని చాలాసేపు చూశాడు. "నీ మొహమేంట్రా అట్లా ఉంది?"

"ఎండనపడి వచ్చా."

"ఎండకు అట్లా అవదు. ఇదిగో, ఇక్కడ." తన ముక్కు పక్కనే వేలితో ఒక గీత గీసి చూపించాడు. "ఇక్కడొకటి పడింది నీకు. మొన్న లేదు."

"మీ పిచ్చి గానీ, వాడికి మాత్రం వయసు రావద్దా?" అంది అక్క.

"వయసు గీత కాదే అది" అన్నాడు బావ. తర్వాత గోడవైపు తిరుగుతూ, "పొద్దు పోతుంది, పనికి పో" అన్నాడు.

పలకను మెత్తబరిచి తెచ్చేసరికి గదిలో ఎండ బల్లల మీదికి దిగింది. భూతద్దం కింద పెట్టాడు. ఇంత దగ్గరగా ఆ నోటిని అతనెప్పుడూ చూడలేదు. బట్టల్లో గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అతనికి తెలుసు. ఇక్కడ గీతలు ఆగడం లేదు. చర్మం అడుగున తడి ఉన్నట్టు, తడి అడుగున ఇంకేదో ఉన్నట్టు ఒకదాంట్లోకొకటి జారిపోతున్నాయి. అసహ్యమైన నోరు. దాన్ని అసహ్యంగానే ఉంచడానికి బావ ఎంత ఓపిక పట్టాడో చూస్తుంటే అతని కళ్ళు మసకబారాయి. భూతద్దం తుడుచుకున్నాడు.

గీకుడు కత్తి ఆనించాడు. మొదటి ఒరిపిడికే పెదవి మీది మెరుపు పోయింది. ఉక్కు పొట్టు మెలికలు తిరిగి లేచింది. నోటితో ఊదబోయాడు, ఊపిరి అక్కడ తగలడం రోతగా అనిపించి వేలితో ఎత్తాడు. పొట్టు వేలికొసకు గుచ్చుకుని అంటుకుంది, విదిలిస్తే రాలలేదు. ప్యాంటుకు రాసుకున్నాడు. గీకి గీకి పెదవి ఉన్నచోట గుంట చేశాడు. పలక బోర్లించి దాగలి మీద పెట్టాడు. అక్షరాల మేస్త్రి తన బల్ల మీంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. అతను వెనక నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. చిన్న దెబ్బలు, తలుపు మీద వేలితో తట్టినట్టు. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే ముక్కు ఉబ్బుతుంది. ఈ పలక వెనకవైపు ఇన్నాళ్ళూ దెబ్బలు కొట్టింది బావే. ఆ పాత దెబ్బల గుంటల్లో డాక్టరుగారి తాలూకు మసి ఇంకా ఉంది. కొత్త దెబ్బలు వాటి పక్కనే పడ్డాయి.

చదునయ్యాక, సన్న ఉలి పట్టుకుని ఆగిపోయాడు. నవ్వు ఎలా ఉంటుంది? ఇంట్లో పెళ్ళాం నవ్వు తలుచుకున్నాడు. అది ఈ ముఖానికి పెట్టడానికి చెయ్యి రాలేదు. చివరికి తనకు తెలిసిందే చేశాడు. కోటు జేబు మీద మడత కుట్టినట్టు ఇటు కొస నుంచి అటు కొసకు ఒక గీత లాగి, రెండు కొసలూ కాస్త పైకి తిప్పి, కిందుగా నీడ వేశాడు. ప్రూఫు తీసి చూసుకున్నాడు. పెద్దాయన నోరు కుట్టేసినట్టుంది. ఏమీ రాదు అందులోంచి, గింజ కూడా.

పెద్దసారు తడి కాగితాన్ని కార్లో బంగళాకు పట్టుకుపోయి, చీకటి పడకముందే తిరిగొచ్చాడు. "ఆఁ, నవ్వంటే ఇదీ, అన్నాడయ్యా బామ్మర్ది! నీలో ఇంత పనుందని తెలీదే. మెడ పైకి కూడా వచ్చేశావు." భుజం తట్టాడు. ఆ చెయ్యి తీసేదాకా మొండెం మేస్త్రి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత పంపు దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. సబ్బు నురగ నల్లగా దిగింది. ఇంకోసారి కడిగాడు. అప్పుడూ నల్లగానే దిగింది.

వార్డులో దీపాలు వేస్తున్నారు. బావ మంచం చుట్టూ తెర లాగి ఉంది. అక్క తెర బయట బల్ల మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇందాకే తమ్ముడూ" అంది. "దగ్గాడు. ఇంకోసారి దగ్గుతాడని వీపు మీద చెయ్యేసి కూచున్నా. దగ్గలేదు."

తెర తొలగించి చూశాడు. గడ్డం కింద నుంచి నడినెత్తికి గుడ్డ కట్టి ముడేశారు. ముడి చెవి పక్కన పొడుచుకొచ్చింది. నోరు మూసి ఉంది. చూడగానే అతనికి మొదట కలిగింది ఏడుపు కాదు. ఇక చెప్పనక్కర్లేదు, అనిపించింది. రొమ్ము మీంచి బరువు దిగినట్టు ఒక్క క్షణం హాయిగా ఊపిరి ఆడింది. ఆ హాయి ఏమిటో తెలిసిన మరుక్షణం నోటి నిండా చేదు నీళ్ళూరాయి. కిటికీ దగ్గరికి పోయి బయటికి వంగాడు. ఏమీ రాలేదు. పొద్దున్నుంచీ తిన్నది లేదు.

తిరిగొచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

"నువ్వు వెళ్ళాక నా గాజులకున్న పిన్నీసు అడిగి తీసుకున్నాడు" అంది అక్క. "జావ పెట్టిన పళ్ళెం బోర్లించుకుని దాంతో ఏదో గీకుతూ కూచున్నాడు. ఎందుకండీ ఈ ఓపికలేని పని అంటే, 'వాడు నా పనిలో ఉన్నాడే, అందాకా వాడి పని నేను చేసిపెడతా' అన్నాడు. నాకేం అర్థం కాలేదు. నీకేమైనా చెప్పాడా?"

అతను తల అడ్డంగా ఊపాడు. నిలువుగా ఊపడానికి మెడ లొంగలేదు.

"ఎన్ని పళ్ళేలో లెక్క చెప్పాల్సింది నేనమ్మా" అంటూ వచ్చింది ఆయా, చీపురు చంకలో పెట్టుకుని. చావు కబురు తెలిసి గొంతు కాస్త తగ్గించింది. "ఏమనుకోకండి, పోయినాయన్ని అనకూడదు. పళ్ళెం వీపంతా గీకి పెట్టాడు. రేపు ఇంకొకరికి అందులో ఎట్లా పెట్టేది? తోమినా పోయేట్టు లేదు."

"ఎక్కడుంది?" అన్నాడు.

వరండా చివర తొట్టి దగ్గర ఎంగిలి పళ్ళేల గుట్ట ఉంది. తొట్టి అంచున పాకుడు, నేల మీద ఎవరో వదిలేసిన మెతుకులు, వాటి చుట్టూ చీమలు. ఆయా ఆ పళ్ళేన్ని గుట్ట అడుగు నుంచి లాగి పైన బోర్లించి పోయింది. పైపళ్ళేల్లోంచి కారిన జావ దాని వీపు మీదుగా జారి, ఎవరిదో చెయ్యి తగిలి తుడుచుకుపోయి, గీతల్లో మాత్రం నిలిచి ఎండింది. పిన్నీసు మొనతో గీసిన కోటు అది. కాలరు ఒకవైపు కుంటింది. భుజం దగ్గర మడత ఎటు తిరగాలో తెలియక రెండుసార్లు గీసి వదిలేశాడు. చంక కింది నీడ కోసం పడ్డ పాట్లన్నీ అక్కడే ఉన్నాయి. ఒక జేబు, జేబు మీద కుట్టు. గుండీలు గుండ్రంగా రాక గుడ్ల మాదిరి వచ్చాయి. కాలరు పైన మెడ లేదు, ముఖం లేదు. నలిగిన అల్యూమినియం మీద వరండా దీపం వెలుతురు, అందులో ఒక ఈగ.